మూటకు పరుపు

దారికి అడ్డంగా పడిన కొమ్మను పక్కకు లాగి, గాజుపెంకులేమైనా ఉన్నాయేమోనని చీపురుతో నాలుగుసార్లు ఊడ్చి, అతను సైకిల్ బెల్లు రెండుసార్లు కొట్టాడు. గట్టు మీద కూర్చున్న భార్య లేచి వచ్చి, సీటు వెనకున్న ఇనప చట్రంలో ఎక్కి కూర్చుంది. బండి కొద్దిగా కుంగింది. అతను తొక్కడం మొదలుపెట్టాడు.

అదే అతని ఉద్యోగం. నగరం మధ్య నుంచి పారే నది ఒడ్డున పదకొండు కిలోమీటర్ల సైకిల్ బాట, దాని వెంబడి నాలుగు పార్కులు. పొద్దున ఆరున్నరకు ఎగువ వంతెన దగ్గర బయలుదేరి, బాట మీద పడినవన్నీ తీసేస్తూ, విరిగిన బెంచీలూ కారే కుళాయిలూ పుస్తకంలో రాసుకుంటూ, మధ్యాహ్నానికి దిగువ వంతెన చేరాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే నది, అదే బాట. రంగురంగుల హెల్మెట్లు పెట్టుకుని దూసుకుపోయే వాళ్లలో ఒక్కరికీ అతని మొహం గుర్తుండదు. బెల్లు మాత్రం గుర్తుంటుంది. బెల్లాయన అంటారు. నోట్లో నాలుక లేని మనిషికి ఆ మాత్రం చప్పుడైనా ఉండాలి కదా పాపం!

భార్య ఈ బండెక్కి రెండు నెలలైంది. నాలుగేళ్లుగా ఆమె ఒక్కొక్కటే మరిచిపోతూ వస్తోంది. మొదట వారాలు, తరవాత వీధులు, ఆ తరవాత వెలుగుతున్న పొయ్యి. పక్కింటామె ఉన్నన్నాళ్లూ కనిపెట్టుకుని ఉంది. ఆమె ఇల్లు మారాక ఒకరోజు బయట తాళం వేసి డ్యూటీకి వచ్చాడు. తిరిగి వెళ్లేసరికి భార్య తలుపును గీకి గీకి గోళ్లన్నీ నెత్తురు చేసుకుంది. పిల్లలు లేరు. నీకెందుకు నేనున్నానుగా అనే చుట్టమూ లేడు. మర్నాటి నుంచి, పార్కుల్లో ఆకుచెత్త మూటలు మోయడానికి చేయించుకున్న చట్రంలోనే ఆమెను కూర్చోబెట్టుకుని వస్తున్నాడు. ఇనుము ఒత్తుకుంటుందని ఒక చిన్న పరుపు కుట్టి అందులో పరిచాడు. ముప్పై ఏళ్లు బడిపిల్లలకు యూనిఫారాలు కుట్టిన మనిషి ఆమె. ఆ కుట్టు చూసి, "ఎవరండీ ఇంత దరిద్రంగా కుట్టిందీ?" అంది. ఆ రోజు ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. ఆ తరవాత మళ్లీ అంత నవ్వు రాలేదు.

అతని పేరు ఆమె నోట విని ఏడాది దాటింది. కొన్నిసార్లు అన్నయ్యా అంటుంది, కొన్నిసార్లు ఏమీ అనదు. కానీ రెండుసార్లు బెల్లు కొడితే చాలు, ఎక్కడున్నా లేచి వచ్చి ఎక్కుతుంది. అతనికి అదే పదివేలు.

మూడో పార్కులో ఆఫీసు గది ఉంది. కుళాయి దగ్గరి బెంచీ మీద ఆమెను కూర్చోబెట్టి లోపలికి వెళ్లాడు.

"కూర్చో బాబాయ్," అన్నాడు సూపర్‌వైజర్. ఇన్నేళ్లలో ఆ గదిలో అతన్ని కూర్చోమన్నవాడు లేడు.

"ఎవడో నీ ఫొటో తీసి పైకి పంపాడు. ఇది ఆఫీసు సైకిలు బాబాయ్, పెళ్లి బండి కాదు. ఆవిడ పడిపోయి ఏదన్నా అయితే నీ ఉద్యోగమూ పోతుంది, నాదీ పోతుంది."

"ఇంట్లో ఎవరూ లేరు సార్."

"తెలుసు. అందుకే ఊరవతల ఆశ్రమంలో చోటు అడిగా. రేపు తొమ్మిదింటికి వ్యాను వస్తుంది. నెలకోసారి చూడనిస్తారు."

"నెలకోసారంటే… దానికి నేను గుర్తుండను సార్."

"ఇప్పుడు మాత్రం గుర్తున్నావా?" అన్నాడు సూపర్‌వైజర్, మెల్లగానే. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకునైనా బతకొచ్చు.

బెల్లు గుర్తుంది సార్ అందామనుకున్నాడు. చూపించిన చోట సంతకం పెట్టాడు.

బయటికి వచ్చాక బెంచీ వైపు తిరగడానికి మొహం చెల్లలేదు. తిరిగితే ఆమె చూస్తుంది, చూస్తే తను ఏడుస్తాడు. సైకిల్ స్టాండు తీసి, ముందు చక్రం నది వైపు తిప్పి, ఆ చక్రాన్నే చూస్తూ రెండుసార్లు బెల్లు కొట్టాడు. కాసేపటికి బండి కుంగింది. తొక్కాడు.

ఎదురుగా కూర్చుని అతను ఎవరికీ ఏమీ చెప్పలేడు. వెనకున్న మనిషికైతే చెప్పగలడు.

"ఇదిగో, వింటున్నావా? రేపు నిన్ను ఒక చోటికి తీసుకెళ్తారు," అన్నాడు నీటి వైపు చూస్తూ. "మంచి చోటేనట. నేను రాకూడదట."

వెనక ఉలుకూ పలుకూ లేదు. అలవాటే.

"కోప్పడకు. నేనే సంతకం పెట్టా. ఒకళ్లు బలవంతం చేసింది లేదు. వద్దని గట్టిగా ఒక్క మాట అనలేకపోయా." అర కిలోమీటరు ఊరికే తొక్కాడు. తరవాత అసలు మాట బయటికొచ్చింది. "నాకూ అలుపొచ్చిందే. నిజం చెప్తున్నా. వ్యాను అనగానే ప్రాణం కాస్త తెరిపినపడింది. ఛీ, నేనేం మనిషిని! ఒక్కసారి తిట్టు. అన్నయ్యా అనైనా తిట్టు."

నాలుగో పార్కుకు ముందు బాట ఎత్తు ఎక్కుతుంది. అక్కడ ఎప్పుడూ ఆమెను దింపి నడిపిస్తాడు. బ్రేకు పట్టి, "దిగు," అన్నాడు. వెనక బరువు కదల్లేదు. ఇంకోసారి అని, వెనక్కి తిరిగాడు.

పరుపు మీద ఒక గోనె మూట, నిండా తడి ఆకులు. కట్టిన మూతి అతని వీపు వైపే తిరిగి ఉంది.

మూటను అక్కడే దొర్లించి వెనక్కి తొక్కాడు. నది పక్కన ఇనప కంచె విరిగిన చోట్లన్నీ తన పుస్తకంలో రాసినవే. ఒక్కొక్కటీ దాటుతుంటే నీళ్ల వైపు చూడాలంటే భయం, చూడకుండా ఉండాలన్నా భయం. రెండు కిలోమీటర్లకు రొమ్ము కొలిమితిత్తిలా ఎగసింది.

బెంచీ మీద ఆమె ఉంది. గడ్డం గుండెకు ఆనించి, కూర్చునే ఉంది. అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

పక్కనే తోటమాలి మొక్కలకు నీళ్లు పెడుతున్నాడు. కాలు విరిగి మూడు నెలలు సెలవులో ఉండి, ఆ పూటే పనిలోకి వచ్చాడు. "అదేంటి బాబాయ్, మళ్లీ వచ్చావ్? మూట అందలేదా? నీ బెల్లు వినగానే ఎప్పట్లాగే తెచ్చి పడేశాగా," అన్నాడు. "అయినా మూటకు పరుపేంటి? మరీ సుకుమారమైపోయావే!"

అతను ఆ మాట వినిపించుకోలేదు. ఆమె పక్కన కూలబడి, "ఏమే, భయపడ్డావా? వచ్చేశాగా. నేను దారిలో చెప్పిందేదీ నువ్వు వినలేదు, బతికిపోయా. రేపు ఎక్కడికీ వద్దు. ఉద్యోగం పోతే పోనీ, ఇద్దరం ఇంట్లోనే కూర్చుందాం," అన్నాడు. అని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

చెయ్యి అతని చేతిలో ఎలా పెడితే అలా ఉండిపోయింది.

తోటమాలి చేతిలోంచి గొట్టం జారింది. "ఆవిడ… మీ ఆవిడా బాబాయ్? అయ్యయ్యో, నేనెప్పుడూ చూళ్లేదే! ఊరికే పూలు తుంచుతోందని చిక్కుపడ్డ పురికొస ఇచ్చి, విప్పమ్మా అన్నా. నీ బండి మీద మూట వేసి వెనక్కి తిరిగేసరికి లేచి నిలబడింది."

"ఏమంది?"

తోటమాలి జారిన గొట్టం తీయడానికి వంగాడు.

"ఏమందిరా?"

"'మా ఆయన నన్నొదిలేసి వెళ్లిపోయాడు' అంది బాబాయ్. ఎవరి సంగతో అనుకున్నా. వస్తాళ్లే అమ్మా అని కూర్చోబెట్టా. కాసేపటికి కునుకు పట్టిందనుకున్నా."

అతను పట్టుకున్న చెయ్యి వదల్లేదు. మా ఆయన అంది. ఏడాది తరవాత గుర్తుపట్టింది, వీపు చూసి.

ఆసుపత్రి వ్యాను పార్కు గేటు దాకానే వచ్చింది. అక్కడి దాకా ఆమెను, మొహం మీదికి దుప్పటి లాగి, ఇద్దరు మనుషులు స్ట్రెచర్ మీద మోసుకెళ్తుంటే, సైకిల్ మీద పోయేవాళ్లు కాసేపు ఆగి, దారి దొరకగానే కదిలారు. సూపర్‌వైజర్ అతని భుజం మీద చెయ్యి వేసి ఏదో అంటున్నాడు. అతను ప్రతి మాటకూ తల ఊపుతూ వ్యాను ఎక్కాడు.

బెంచీ మీద పురికొస సగం ఉండలా చుట్టి ఉంది, మిగతా సగం చిక్కుగానే గడ్డిలోకి వేలాడుతోంది.