వరసలో జిబో గిన్నె

నేను ఒక సొరబుర్రను. పగిలి, దారంతో కుట్లు వేయించుకున్నదాన్ని. అయినా నన్ను పనికిరాని పెంకు అంటే ఊరుకోను. నైజర్ దేశంలో బంగు కైనా అనే పల్లె ఉంది. ఆ పల్లెలో నేనూ ఒక మనిషి లెక్క.

బిబాటా గుడిసె కప్పు మీద కాశాను. ఆవిడే కోసి, గుజ్జు గీకి, ఎండబెట్టి, కాల్చిన ఇనుప పుల్లతో నా ఒంటి మీద గీతలు గీసి కొడుకు జిబో చేతిలో పెట్టింది. మా పల్లెలో ఎవరి గిన్నె వాళ్ళదే. చంటిపిల్లకైనా అరచేతిలో ఇమిడే బుర్ర ఒకటి ఉంటుంది. జిబో నాలో సజ్జ అంబలి తాగి, మూతి తుడుచుకోకుండానే చేలోకి పరిగెత్తేవాడు. కోతలయ్యాక అందరు కుర్రాళ్ళలాగే పరాయి దేశాల సముద్రతీరపు నగరాలకు కూలికి పోయి, వానలకు తిరిగొచ్చేవాడు. రెండేళ్ళుగా రాలేదు, కబురూ లేదు. ఈలోగా నన్ను మేక తొక్కితే బిబాటా కూర్చుని కుట్టింది.

ఇక జనాభా లెక్కల సంగతి. పోయినసారి వచ్చినవాళ్ళు "పిల్లలెందరు?" అని అడిగితే మా తల్లులు అంకె చెప్పలేదు. లెక్కపెడితే దిష్టి తగులుతుందని భయం. "దేవుడిచ్చినంత మంది" అన్నారు. అది రాయడానికి కాగితంలో గడి లేదట! తోచిన చిన్న అంకె వేసుకుని పోయారు. ఇంత చిన్న పల్లె ఎందుకని మమ్మల్ని కోయ్రా బేరి అనే పెద్ద ఊళ్ళో కలిపేసి, మాకు రావలసిన బోరు అక్కడ వేశారు. మా ఆడవాళ్ళు అంతదూరం నడిచి, అక్కడివాళ్ళు పట్టుకోగా మిగిలిన నీళ్ళు తెచ్చుకునేవారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఈసారి సేనీ అనే యువకుడు వచ్చాడు. బిబాటా ఎదురెళ్ళి చెప్పింది.

"మనుషుల్ని లెక్కపెట్టొద్దు బాబూ. గిన్నెల్ని లెక్కపెట్టుకో. మాకు దిష్టీ తగలదు, నీ పనీ అవుతుంది."

ఇసుకలో బుర్రలన్నీ వరసగా పెట్టారు. సేనీ ఒక్కొక్కటీ ఎవరిదని అడుగుతూ వచ్చాడు. నా దగ్గర ఆగి లోపల వేలు పెట్టి చూశాడు. వేలికి దుమ్మంటింది.

"ఇదెవరిది?"

"నా కొడుకుది. తీరానికి పోయాడు. రెండేళ్ళయింది."

"ఊళ్ళో లేనివాళ్ళను రాయకూడదమ్మా. అక్కడే రాసుకుంటారు."

నన్ను తీసి పక్కన పెట్టాడు. నాలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. అవన్నీ తీసేస్తే మాది మళ్ళీ పల్లె కాకుండా పోతుంది.

బిబాటా గొంతు పెరిగింది. "అక్కడ రాస్తారా? వాడు అక్కడ పరాయివాడు. ఇక్కడేమో లేనివాడు. మరి నేను కన్నది ఎవర్ని?"

"మా అన్న కూడా అక్కడే ఉన్నాడమ్మా," అన్నాడు సేనీ. నన్ను రెండు చేతులతో ఎత్తి మళ్ళీ వరసలో పెట్టాడు. నాలాంటి మిగతావాటినీ తీయకుండా రాసుకున్నాడు. రూలు ప్రకారం అది తప్పే. అయితే కానీ, నేను మాత్రం అక్కణ్ణుంచి కదలను.

మరుసటి ఏడు మా పల్లెకు బోరు వచ్చింది. మొదటి రోజు అందరూ పెద్ద పెద్ద బిందెలతో చేరితే బిబాటా నన్ను పట్టుకొచ్చింది. తోటి ఆడవాళ్ళు నవ్వారు.

"ఆ చిల్లు బుర్ర ఎందుకే?"

"జిబో వంతు," అంది.

నాలో నిండా నీళ్ళు పట్టింది. కుట్లలోంచి కారిపోయాయి. మళ్ళీ పట్టింది.