తెర అవతలి డోలు

కళాశాల నాట్య విభాగంలో నాలుగో గది నేలంతా చెక్క. పాదం ఏ క్షణంలో పడిందో కంప్యూటరుకు చేరవేసే పలుచని పరికరాలను ఆ చెక్కల కింద అమర్చుకోవడానికే ఆ పరిశోధకురాలికి ఆరు నెలలు పట్టింది. మోకాలు దెబ్బతిని నాట్యం మానుకున్నాక పరిశోధనలోకి వచ్చిన మనిషి. తేల్చుకోవాలనుకున్నది ఒక్కటే: నర్తకి పాదం, వాద్యకారుడి చెయ్యి ఒకే క్షణంలో ఎలా పడతాయి? ఇద్దరిలో ఎవరు ఎవరి వెనక నడుస్తున్నారు?

డోలు వాయించేది ఆమె బాబాయే. ముప్ఫై ఒక్కేళ్లుగా ఆ విభాగంలో ప్రతి అడుగుకూ ఆయన చెయ్యే తోడు. ఆమె తండ్రి చనిపోయిన ఏడాది, ఎనిమిదేళ్ల పిల్లగా ఉన్న ఆమెను వేలు పట్టుకుని ఇక్కడికి తీసుకొచ్చి, తన పక్కన పీట వేసి కూర్చోబెట్టుకున్నదీ ఆయనే. ఆడేది చివరి సంవత్సరం అమ్మాయి. నేలకు ఆనీ ఆననట్టు అడుగు వేస్తుందని అందరూ పిచ్చుక అంటారు.

పద్నాలుగు రోజుల రికార్డింగుల్లో, కంప్యూటరు గీసిన పాదం గీతా డోలు మీది చేతి గీతా అతికినట్టు కలిసిపోయాయి. రెప్పపాటు తేడా లేదు.

"మీ బాబాయివి చెవులా, గడియారాలా?" అని నవ్వింది గైడు మేడమ్. "రేపు ఇద్దరి మధ్యా తెర కట్టు. వట్టి చప్పుడు విని ఎంతవరకు పట్టుకుంటారో చూద్దాం."

పదిహేనో రోజు నల్లగుడ్డ కట్టారు. "ఎందుకే ఈ చాటుమాటు వ్యవహారం?" అని బాబాయి నసిగాడు. ఆమె పట్టించుకోలేదు.

తాళం మొదటి రెండు ఆవర్తాలూ సాఫీగా సాగాయి. మూడోదానిలో, ముందే అనుకున్న ప్రకారం, పిచ్చుక అడుగు నెమ్మది చేసింది. డోలు నెమ్మదించలేదు. పిచ్చుక బిత్తరపోయి ఆడటం ఆపేసింది. డోలు ఆగలేదు. ఖాళీ నేలకు తోడుగా, ఎవరి అడుగూ లేకుండా, ఎప్పటిలాగే పొందికగా మోగుతూనే ఉంది. పిచ్చుక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆమె గుడ్డ పక్కకు లాగింది. ఆమె మొహం కంటపడగానే బాబాయి చేతులు డోలు మీదే ఆగిపోయాయి.

"ఆపేసి ఎంతసేపైంది?" అన్నాడు.

"ఎనిమిది ఆవర్తాలు, బాబాయ్."

పిచ్చుక చప్పుడు చేయకుండా బయటికి వెళ్లిపోయింది. తలుపు మూసుకున్నాక ఆయన మెల్లగా చెప్పాడు: "నాలుగేళ్లయిందమ్మా. ముందు కుడిచెవి, తర్వాత రెండోది. పెదాలు చూసి మాట పోల్చుకుంటాను. మీ పిన్నికి తప్ప ఎవరికీ తెలీదు."

అప్పుడు ఒక్కొక్కటే తట్టింది ఆమెకు. ఫోను మోగితే "మీ పిన్ని మాట్లాడుతుందిలే" అని జారుకోవడం. ఏమడిగినా "నువ్వెలా అంటే అలాగే" అని నవ్వేయడం. పిన్ని మాటిమాటికీ ఆయన భుజం తట్టి, ఎదురుగా వచ్చి మరీ మాట్లాడుతుంటే, ఈవిడకెంత పెత్తనమో అని తను విసుక్కోవడం. సిగ్గుతో తల వాలిపోయింది.

"ఇవాళ్టి రికార్డింగు తీసెయ్యి. అసలు తెర కట్టలేదనుకో," అన్నాడాయన. "ఇది పోతే నాకింకేం పనొచ్చు చెప్పు?"

ఆయన ఆమెను సాయం అడగడం అదే మొదలు. తీసేశానని చెప్పింది. పెదాలు కనబడేలా, స్పష్టంగా చెప్పింది. కానీ చెరపడానికి చెయ్యి రాలేదు. మేడమ్ అడిగితే పరికరాలు మొరాయించాయంది. ఇద్దరికీ చెరో అబద్ధం చెప్పి, వారం రోజులు ఎవరి మొహమూ సరిగా చూడలేకపోయింది.

ఆ మరుసటి వారం మొదటి సంవత్సరం తరగతిలో వెనక వరస అమ్మాయి ఒకతి కాలు మెలికపడి కూలబడింది. "ఆపండి!" అని వెనక నుంచి టీచరు అరిచింది. ముందు వరస మీదే చూపు నిలిపిన బాబాయికి అది తెలియలేదు. డోలు మోగుతున్నంతసేపూ అడుగు ఆపకూడదని నేర్చుకున్న పిల్లలు, మోగుతోంది కదా అని వెనక్కి అడుగులు వేశారు. కూలబడిన పిల్ల మణికట్టు మీద ఒకరి మడమ పడింది. ఎముక చిట్లింది.

ఆ మధ్యాహ్నం ఆయన పరిశోధన గదికి వచ్చాడు.

"ఆ ఫైలు నిజంగా తీసేశావా?"

"లేదు బాబాయ్. నీకు అబద్ధం చెప్పాను."

"బతికించావు," అంటూ కుర్చీలో కూలబడ్డాడు. "ఆ పిల్ల ఏడుస్తుంటే నోరు కనిపించింది గానీ ఏడుపు వినపడలేదే. రాయి. నీ పరిశోధనలో ఉన్నదున్నట్టు రాయి."

"రాస్తే నిన్ను ఉంచరు."

"ఉంచకూడదు కూడా."

విభాగాధిపతికి తనే వెళ్లి చెప్పుకున్నాడు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే ఆయనకు కష్టమైంది. దెబ్బ తగిలిన పిల్ల ఇంటికి రెండుసార్లు వెళ్లాడు. మొదటిసారి ఆ పిల్ల మొహం తిప్పుకుంది. రెండోసారి మాట్లాడింది.

ఆమె కూడా మేడమ్ దగ్గర తన అబద్ధం ఒప్పుకుని తిట్లు తింది. తర్వాత ఆ నెలంతా బాబాయీ ఆమే కూర్చుని పద్నాలుగు రోజుల రికార్డింగు వీడియోలూ మళ్లీ చూశారు.

"వినపడకుండా అంత కచ్చితంగా ఎలా పట్టావు?"

"పాదాన్ని చూస్తే అప్పటికే ఆలస్యమే పిచ్చిదానా. ఊపిరి చూడాలి. అడుగు పడే ముందు మెడ కింద ఎముక ఇంత లేస్తుంది, చూడు."

కొలిచి చూసింది. ప్రతిసారీ అంతే. పాదమూ చెయ్యీ ఒకదాని వెనక ఒకటి నడవడం లేదు, రెండూ నర్తకి ఊపిరి వెనక నడుస్తున్నాయి. ఆ అధ్యాయమే తర్వాత ఆమెకు పట్టా తెచ్చిపెట్టింది.

కళాశాలలో తన చివరి రోజు డోలు సంచిలో పెట్టబోతూ ఆయన ఆగాడు. "ఒక్కటడుగుతాను, దాచకుండా చెప్పు. నా డోలు ఎలా మోగుతోంది?"

ఆమె ఆయనకు పెదాలు కనబడేలా ఎదురుగా కూర్చుంది. దాచకుండా చెప్పింది. "ఎడమవైపు వదులైంది బాబాయ్. రెండేళ్లుగా మందంగా, దుప్పటి కప్పి కొట్టినట్టు మోగుతోంది."

"మరి ఎవరూ చెప్పలేదేం?"

"అది నీ కొత్త పద్ధతేమో అనుకున్నాం. నీ శిష్యులిద్దరు వాళ్ల డోళ్లు కూడా అలాగే వదులు చేసుకున్నారు."

బాబాయి కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. తర్వాత డోలు ఒళ్లోకి తీసుకుని, తాళ్లు బిగిస్తూ ఒక్కో దెబ్బ వేసి ఆమె వైపు చూశాడు. ఆమె చెయ్యి నాదం బిగిసేకొద్దీ కొంచెం కొంచెంగా పైకెత్తుతూ, సరైన శ్రుతి దగ్గర ఆపింది.