వెండి తీగ కళ్ళు

అమ్మవారు మొక్కు బాకీ కింద మనిషి కళ్ళు తీసుకుంటుందా? మామ చూపు మసకబారడం మొదలైన నాటి నుంచీ యశోదను ఈ అనుమానం వదల్లేదు.

మామ వీరయ్య మెదక్‌లో వెండి తీగపని చేసే అవుసలి. కొడుకు, యశోద భర్త అమరేందర్‌కు చిన్నతనంలో అమ్మవారు పోసి కళ్ళు మూతపడితే, చూపు దక్కితే నా చేత్తో తీగపని కళ్ళు చేసి ఇచ్చుకుంటానని ఏడుపాయల తల్లికి మొక్కాడు. చూపు దక్కింది. మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇంట్లో వెండి ఉంటే గదా! పనిలో రాలిన తరుగుతో చెయ్యరాదా అని భార్య యాదవ్వ పోరితే, "తరుగు గిరాకోళ్లది. మొక్కు మనది" అనేవాడు.

తర్వాత మిషన్ నగలు వచ్చిపడ్డాయి. అమరేందర్ కుంపటి వదిలి తూప్రాన్‌లో కంపెనీ పనికి పోయాడు. వీరయ్యకు పట్నంలో కంటి ఆపరేషన్ అనుకున్న వారమే తెలంగాణ కోసం సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. మళ్ళీ బస్సులు తిరిగాక యశోద తీసుకుపోతే, కంటి నరం ఎండిపోయింది, ఇక చేసేదేమీ లేదన్నాడు డాక్టరు.

 ఇంటికొచ్చి గడపలో కూర్చున్నాక వీరయ్య అన్నాడు, "మరి మొక్కు ఎట్ల బిడ్డా?"

యశోద కాలి మట్టెలు తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"మొగడు బతికుండంగ మట్టెలు కరిగిస్తవానే?" యాదవ్వ లేచింది.

"ఆయన కండ్ల మొక్కే గదత్తా. ఆయనకు గాక ఎవలకు కరిగిస్త?"

"నోరు మస్తు నేర్చినవ్. గా తీగపని గూడ నేర్చుకో జర."

వీరయ్య చెప్తుంటే ఆమె చిల్లుల పలకలోంచి వెంట్రుకంత సన్నంగా తీగ లాగింది. రెండు పోగులు పేని, అణగ్గొట్టి, కంటి ఆకారం చట్రంలో చిన్న చిన్న చుట్టలు పేర్చింది. వేళ్ళు కోసుకుపోయాయి. ఆయన తడిమి చూసి, "గీ చుట్ట వదులున్నది, తీసెయ్" అన్నప్పుడల్లా మళ్ళీ మొదలు.

అతుకు మాత్రం మొక్కు ప్రకారం ఆయనే పెట్టాలి. ఊదుగొట్టం చేతిలోకి తీసుకున్నాడు. ఆయన చేయి పట్టుకుని దీపం మంట వెండి కన్ను మీద పడేట్టు తిప్పింది యశోద.

"అతుకు పొడి కరిగి నీళ్లలెక్క మెరుస్తది. మెరవంగనే ఆపమను. దాటితే తీగ మిగలదు."

ఆయన గొట్టం నోట పెట్టుకుని ఊదాడు. పొడి మెరిసింది. ఆ మెరుపు చూస్తూ ఆమె ఆపమనడం మరిచింది. ఆయన ఊదుతూనే ఉన్నాడు. కన్ను కరిగి శనగగింజంత ముద్దయింది.

యాదవ్వ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. వీరయ్య ముద్ద చల్లారేదాకా ఆగి వేళ్ళ మధ్య దొర్లించాడు.

"నేను పని నేర్చేటప్పుడు మా ఉస్తాద్ చేసిన హారమే కరగబెట్టిన. వెండి యాడికి పోదు. మళ్ల తీగ గుంజు."

మళ్ళీ గుంజింది. ఈసారి పొడి మెరవబోతుండగానే "చాలు మామా" అంది. ఆయన ఊదడం ఆపాడు. కన్ను నిలిచింది. రెండో కన్నూ అట్లాగే నిలిచింది.

ఏడుపాయల గుడిలో పూజారి పళ్ళెం చాచాడు. వీరయ్య ఇవ్వకుండా రెండు వెండి కళ్ళనూ బొటనవేలితో తడుముతున్నాడు.

"ఏమన్న వంకరున్నదా మామా?"

"ఎడమ కంటి కొస జర మొద్దుగున్నది."

"మళ్ల చేద్దామా?"

"వద్దు బిడ్డా. ఇప్పటికే మస్తు ఆలస్యమైంది."

యశోద అమ్మవారి ముఖం వైపు చూసింది. మామ కళ్ళు బాకీ కిందే తీసుకున్నావా అని అడగలేకపోయింది. పళ్ళెం ఎక్కడుందో తెలియక గాలిలో ఆగిన మామ చేతిని పట్టుకుంది. మంట తిప్పినట్టే మెల్లగా తిప్పి, కళ్ళు రెండూ పళ్ళెంలో పెట్టించింది.