మూడో కోట కాపలావాడు

నేను కథ రాసి, ముప్పై ఎనిమిదేళ్లుగా ఆడని ఆట ఒకటుంది.

ఒసాకాలో మాది వీడియో ఆటలు తయారుచేసే చిన్న కంపెనీ. అప్పట్లో ఆటను నింపి అమ్మే కార్ట్రిడ్జ్‌లో కథకు చోటుండేది కాదు. దీపం పట్టుకుని గోడలూ గోతులూ దూకే ఆ చిన్నవాడెవరో, ఎవరికోసం పోతున్నాడో, అంతా పెట్టెలో పెట్టే పుస్తకంలోనే చెప్పాలి. అవి నేను రాసేదాన్ని. ఆట పూర్తికాకముందే బొమ్మలు చూసి రాసి అచ్చుకు పంపేయాలి. పదకొండో పేజీలో ఇలా రాశాను: "మూడో కోట కాపలావాడితో పోట్లాడకండి. పక్కన కూర్చుంటే ఒక మాట చెబుతాడు." ఆ మాటేమిటో నేనూ అనుకోలేదు.

పుస్తకాలు అచ్చయి వచ్చాక తెలిసింది, చోటు చాలక ఆ ఘట్టం తీసేశారని.

మేనేజర్ ఉరబె అందరి ముందూ పుస్తకం నా బల్లమీద పడేశాడు. "ఏమ్మా వకత్సుకీ, లేనిది ఉన్నట్టు రాయడానికా నీకు జీతం? పిల్లలడిగితే నువ్వే చెప్పుకో!"

ఆ ఘట్టం తీసేసిన హతానో ఎదురు బల్ల దగ్గరే ఉన్నాడు. ప్రోగ్రాం రాసుకుంటూ తలైనా ఎత్తలేదు. నాకు ఒళ్లు మండింది. ఆటను తయారీకి పంపే చివరి రోజున, ఆట చివర వచ్చే మా పేర్ల పట్టిక కూడా తీసేశాడు. పక్క కంపెనీలు మమ్మల్ని ఎగరేసుకుపోకుండా వేసే మారుపేర్లే అవి. అవీ పోయాయి.

పిల్లలు నిజంగానే అడిగారు. "కూర్చున్నా. ఏమీ చెప్పలేదు. అబద్ధాలకోరు" అని కార్డులు. ప్రతి కార్డుకూ "తప్పు నాదే, క్షమించు" అని చేత్తో జవాబు రాశాను. ఆ రోజుల్లోనే హతానో నా బల్ల దగ్గర ఆగాడు.

"వకత్సుకి గారూ, ఆట ఆడారా? మూడో కోటదాకా..."

"నన్ను అబద్ధాలకోరును చేసింది చాలక ఆడమంటారా? వెళ్లండి."

వెళ్లాడు. ఆ వసంతంలో కంపెనీ కూడా వదిలేసి నీగాతా వెళ్లిపోయాడు. ఏటా కొత్త సంవత్సరానికి కార్డు పంపేవాడు. చివర "ఆడారా?" అని ఒక్క మాట. ముక్కూ మొహం తెలియని పిల్లలందరికీ జవాబు రాసినదాన్ని, అతనికి ఒక్కటి రాయలేదు. ఆరేళ్ల కిందట చలికాలంలో అతని చెల్లెలు కార్డు రాసింది. అన్నయ్య పోయాడు కనుక ఈసారి శుభాకాంక్షలు చెప్పుకోలేమని.

నాకు పెళ్లీ పిల్లలూ లేరు. కంపెనీ ఎప్పుడో మూతపడింది. నేను రాసినదొకటి ఇంట్లో ఉంటే బాగుండునని, మొన్న నిప్పొంబాషిలో పాత ఆటల కొట్టుకు వెళ్లాను.

"పుస్తకమా? అవి పిల్లలు ఏనాడో చింపేసుంటారు అక్కా, వట్టి కార్ట్రిడ్జే ఉంది" అన్నాడు కొట్టు యజమాని నిషివాకి. దాని వెనక మార్కర్‌తో "రెండో తరగతి, సుగనుమా" అని ఎవరో పిల్లాడు రాసుకున్న పేరుంది. "ఇందులో కాపలావాడు మాట్లాడతాడు, తెలుసా?"

"మాట్లాడడు. ఆ పుస్తకం రాసింది నేనే. తప్పు రాశాను."

"భలేదానివే అక్కా! పోయినేడు ఎవరో కనిపెట్టారు. కింది బటన్ నొక్కి చిన్నవాణ్ణి కూర్చోబెట్టి, ఆటలో వచ్చే పాట నాలుగుసార్లు తిరిగేదాకా వదలకూడదట. ఎవరికుంటుంది అంత ఓపిక? రా, కూర్చో."

మూడో కోటదాకా తనే ఆడి కంట్రోలర్ నా చేతికిచ్చాడు. బటన్ నొక్కి పట్టుకున్నాను. పాట ఒకసారి తిరిగింది. రెండోసారి తిరిగింది. కార్డులు రాసిన పిల్లలు ఇక్కడే విసుగెత్తి లేచిపోయుంటారు. నాలుగోసారి అయిపోగానే కాపలావాడు ఈటె కిందపెట్టి చిన్నవాడి పక్కన కూర్చున్నాడు. తెర మీద ఒక్కొక్క అక్షరమే వచ్చింది.

"పుస్తకంలో రాసింది నిజమే."

మా పేర్లు తీసేయగా మిగిలిన చోటు ఎటు పోయిందో అప్పుడు తెలిసింది. ఏడుపు ఆగలేదు. నిషివాకి అటు తిరిగి ఏవో పెట్టెలు సర్దుతున్నాడు.

"బటన్ వదిలితే లేచిపోతారక్కా" అన్నాడు, ఇటు చూడకుండానే.

బొటనవేలు నొప్పి పుడుతోంది. "ఆడాను హతానో గారూ" అన్నాను పైకే. వేలు మాత్రం తీయలేదు.