జొన్నల తాత పంక్తి

మా అత్త రామసుబ్బమ్మకు మొండితనం పుట్టుకతోనే వచ్చింది. తల్లి పోయినప్పుడు శవం ఎవరింటి నుంచి లేవాలన్న పట్టింపుతో చెల్లెలు నాగక్కతో మాటలు మానేసింది. ఒకే ఊళ్ళో ఉంటూ ఏళ్ళ తరబడి మొహం తిప్పుకుని తిరిగారు ఇద్దరూ. ఆ యేడు కోసిగి చుట్టుపక్కల వానల్లేవు. దర్గా ఉరుసు మరునాడే నాగక్క ఇంటిల్లిపాదీ తుంగభద్ర కాలువ పనులకు వలస పోతున్నారని తెలిసి మా అత్తకు ముద్ద దిగలేదు. అయినా నోరు విప్పితేనా!

మా ఊరి దర్గాలో ఉన్నది జొన్నల తాత. ఎన్నో వందల యేండ్ల కిందట, కరువులో బిజాపురం వైపు నుంచి నడిచొచ్చిన ఫకీరు. జనం తెచ్చిచ్చిన జొన్నరొట్టెల మూటలన్నీ ఒకచోట పోగు చేయించి, ఒకరి మూట ఇంకొకరు తినేదాకా తాను ముట్టేవాడు కాదట. నీ కూడు నువ్వు తింటే కడుపు నిండుతుంది, పక్కవాడి కూడు తింటే మనసు నిండుతుంది అనేవాడట. ఉరుసునాడు ఇప్పటికీ అదే పద్ధతి. ఎవరి మూట వాళ్ళకే వస్తే లేచి నిలబడి, నాతో ఎవరు తింటారని అడగాలి. అడగకుండా తింటే తాతను పస్తు పెట్టినట్టే.

దర్గా చూసుకునే ముజావరు మాబుసాబు మూటలు పంచుతూ వచ్చాడు. మా అత్త ఒళ్ళో పడింది మా మూటే. పొద్దున నేను కట్టిన ముడి నాకు తెలియదా? ఆమెకూ తెలిసింది. చప్పున కొంగు కింద దాచింది. ఈ మనిషి ఇంక మారదని నాకు ఒళ్ళు మండింది.

ఎదురు వరుసలో నాగక్క తలొంచుకుని కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. మా అత్త ఆమె వైపు చాలాసేపు చూసింది. తర్వాత మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. ఊరందరినీ అడగాల్సిన మాట ఆమె నోట వేరుగా వచ్చింది.

"నాగీ, నాతో తింటావా?"

నాగక్క చెంగుతో ముక్కు తుడుచుకుని, పక్కకు జరిగి చోటిచ్చింది.

"శానా ఏండ్లు పట్టిందక్కా ఈ మాటకు. రా, ఆకలైతాండాది."

రొట్టె కాస్త మాడితే అరిచి ఊరేకం చేసే మా అత్త, ఆ పూట నేను మాడ్చిన రొట్టెనే తుంచి తుంచి చెల్లెలి నోట్లో పెడుతూ ఏడ్చింది. ఆ గయ్యాళి మనిషి మీద నాకు ప్రేమ పుట్టింది ఆ పొద్దే.