ముందు ఎడమ చక్రం

“వణికేది స్టీరింగ్ కాదు, నీ చేతులు,” అన్నాడు మా ఆయన. అని, తను తాగిన కాఫీ కప్పు తెచ్చి, నేను అప్పుడే కడిగి ఖాళీ చేసిన సింకులో పెట్టి, పేపరు చదువుకోవడానికి వెళ్ళిపోయాడు.

నా చేతులకేం రోగం? పొద్దున లేచిన దగ్గర్నుంచి ఈ చేతులతోనే ఉల్లిపాయలు సన్నగా తరుగుతాను. మా అమ్మాయి జుట్టు చిక్కు తీసి జడ వేస్తాను. అత్తయ్య కంట్లో చుక్కల మందు వేస్తే ఒక్క చుక్క చెంప మీదికి జారదు. అప్పుడెప్పుడూ లేని వణుకు సరిగ్గా స్టీరింగ్ పట్టుకోగానే పుట్టుకొస్తుందట.

మాది పాత కారు. మేం కొనేనాటికే ఎవరో బాగా వాడి వదిలించుకున్నది. దాన్ని నడిపేది ఎక్కువగా నేనే. అమ్మాయిని స్కూల్లో దింపి, ఊరి బయట మంచినీళ్ళు సీసాల్లో నింపే ఫ్యాక్టరీకి వెళ్తాను. అక్కడ నాణ్యత చూసే విభాగంలో ఉద్యోగం. ఫ్యాక్టరీకి పోవాలంటే బైపాస్ ఎక్కాలి. ఎక్కి వేగం అందుకున్నాక రోడ్డులో ఏ అతుకో, చిన్న గుంతో తగిలిందంటే చాలు, స్టీరింగ్ నా చేతుల్లో కుడికీ ఎడమకీ గిలగిల కొట్టుకుంటుంది. వేగం బాగా తగ్గించేదాకా ఊరుకోదు. అప్పుడు ఏమీ ఎరగనట్టు మామూలైపోతుంది. మా ఆయన ఆఫీసు బస్సులో వెళ్ళొస్తాడు. కారు ముట్టుకునేది సెలవు రోజున, అదీ ఊళ్ళో, సిగ్నల్‌కీ సిగ్నల్‌కీ మధ్య. ఆ నడకలో సైకిలు కూడా వణకదు. “నేను నడిపితే ఏమీ లేదే!” అంటాడు ఇంటికొచ్చి, డాక్టరు రిపోర్టు చదివినట్టు.

మొదట వర్క్‌షాపుకి తీసుకెళ్ళింది నేనే. ఓనరు నా మాట సగంలో ఆపి, “వీల్ బ్యాలెన్సింగ్ చేస్తే పోద్దమ్మా,” అన్నాడు. చేశారు, పోలేదు. మళ్ళీ వెళ్ళాను. అలైన్‌మెంట్ అన్నాడు. చేశారు, పోలేదు. ఆ తర్వాత ముందు టైర్లు రెండూ మార్చాలన్నాడు. మారిస్తే రెండు రోజులు బాగుందనిపించింది, మూడో రోజు బైపాస్ మీద మళ్ళీ అదే వణుకు. ఈసారి వెళ్ళేసరికి ఓనరుకి విసుగొచ్చింది. నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నా ఎదురుగానే మా ఆయనకి ఫోన్ చేశాడు. “బండికేం లేదు సార్. మేడం గారు కొంచెం టెన్షన్ పడతారనుకుంటా.” ఫోన్లోంచి మా ఆయన నవ్వు నాకు వినిపించింది. “అవును, కొంచెం అంతే,” అన్నాడు. ఇద్దరూ కలిసి నాకో జబ్బు అంటగట్టి ఫోన్ పెట్టేశారు. ఆ సాయంత్రం ఇంట్లో, “నరాల డాక్టరు దగ్గరికి వెళ్దామా పోనీ?” అని అడిగాడు. వెటకారం కాదు, ప్రేమగానే అడిగాడు. అదే ఎక్కువ మండింది నాకు. వెటకారమైతే తిరిగి ఒక మాట అనొచ్చు. ప్రేమగా అడిగినవాణ్ణి ఏమంటాం?

బైపాస్ మీద నెమ్మదిగా పోవడంతో ఫ్యాక్టరీకి ఆలస్యమవుతోంది. మా మేనేజరు గోడ గడియారం వంక చూసి, “ఏం మేడం, ఇవాళ కూడా కారేనా కారణం?” అంటాడు. అందరూ నవ్వుతారు. అదే మేనేజరు, నింపే యంత్రం ఎక్కడో లీకవుతుంటే మాత్రం, “మేడంని పిలవండి, ఓపిగ్గా పట్టేస్తారు,” అంటాడు. అక్కడ నేను చేసేదల్లా ఒకటే. ఒకసారికి ఒకదాన్నే మార్చి చూస్తాను. తేడా ఎక్కడ వస్తుందో అక్కడే తప్పు. యంత్రం దగ్గర అది తెలివి. ఇంటికొచ్చి అదే మాట కారు గురించి అంటే చాదస్తం.

సరే, చాదస్తమే అనుకోనీ. ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్పించాను. తప్పు చక్రాల్లో ఉంటే వణుకు వాటితోపాటు వెనక్కి పోయి సీటులో తెలియాలి. పోలేదు, స్టీరింగ్‌లోనే ఉంది. బ్రేకు తొక్కి చూశాను. తొక్కితే ఎక్కువా కావడం లేదు, తక్కువా కావడం లేదు. అంటే బ్రేకులదీ తప్పు కాదు. గుంత తగిలినప్పుడే మొదలవుతోందంటే, చక్రాన్ని పట్టుకుని ఉండే కీలు ఏదో వదులైంది. లంచ్ టైములో డబ్బా పక్కన ఫోన్ పెట్టుకుని వీడియోలు చూశాను. చక్రం గాల్లోకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే తెలుస్తుందట. ఈ మాట వర్క్‌షాపు ఓనరుతో అంటే, “ఫోన్లో చూసి చెప్తున్నారా మేడం?” అని పక్కవాళ్ళకి కన్ను గీటాడు. లేపి చూడలేదు.

అలాంటి రోజుల్లో మా బావగారు, అంటే ఆయన అన్నయ్య, ఆదివారం అందరూ రమ్మని ఫోన్ చేశారు. వాళ్ళుండేది హైవే మీద చాలా దూరం పోయాక వచ్చే ఊరు.

“పొద్దున్నే బయల్దేరదాం. నేను నడుపుతా,” అన్నాడు మా ఆయన.

“ఆ కారులో హైవే మీదికి వద్దండీ. అదేంటో తేలనివ్వండి.”

“తేలిందిగా. టైర్లు కూడా కొత్తవి వేయించాం.”

“వణుకు పోలేదంటున్నానా!”

“నీకు పోలేదు. నాకు ఎప్పుడూ రాలేదు,” అన్నాడు. “నీ భయాలకి అందరం ఇంట్లో కూర్చోవాలా? అమ్మ కూడా ఎక్కడికీ వెళ్ళక ఎన్నాళ్ళయింది.”

అత్తయ్య సోఫాలో కూర్చుని బఠాణీలు వలుస్తోంది. తల ఎత్తలేదు.

శనివారం పొద్దున ఆయన క్షవరానికి వెళ్ళాడు. అమ్మాయి స్నేహితురాలి ఇంటికి పోయింది. కుక్కరు పెట్టవలసిన వేళ. పెట్టలేదు. కారు డిక్కీలోంచి జాకీ, స్పేర్ చక్రం బయటికి లాగాను. వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టాను. ఎడమ వైపు ముందు భాగం జాకీతో లేపి, జారినా కిందపడకుండా స్పేర్ చక్రాన్ని కారు కిందికి తోశాను. ఇది రాసినంత సులువుగా జరగలేదు. స్పేర్ చక్రం నట్టు బిగుసుకుని రానంది, జాకీ పిడి చెయ్యి గీరింది, పక్కింటాయన గోడ మీంచి తొంగి చూసి, “సార్ లేరా అమ్మా?” అని అడిగాడు. సార్ లేకపోతే చక్రం లేవదా? “ఉన్నారు, జుట్టు కత్తిరించుకుంటున్నారు,” అన్నాను. ఆయన తల దించేశాడు.

చక్రాన్ని ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద వేసి పట్టుకుని ఊపాను. లోపల టక్‌మంది. మళ్ళీ ఊపాను. మళ్ళీ టక్. రెండు పక్కలా పట్టుకుని ఊపితే కదల్లేదు. పైనా కిందా ఊపినప్పుడే కదులుతోంది. అది బేరింగైనా కావచ్చు, అడుగున చక్రాన్ని పట్టి ఉంచే కీలు, బాల్ జాయింట్, అయినా కావచ్చు. బ్రేకు తొక్కి పట్టినా టక్‌మంటే బేరింగ్ కాదు. కానీ బ్రేకు తొక్కడానికి ఇంకొక మనిషి కావాలి.

వెనక నుంచి, “ఏం చేస్తున్నావే అమ్మాయ్, మట్టిలో కూర్చుని?” అని వినిపించింది. అత్తయ్య గడప దగ్గర నిలబడి ఉంది.

“మీరు కారులో కూర్చుని బ్రేకు తొక్కాలి అత్తయ్యా.”

“నేనా! నాకేం తెలుసు అదంతా?”

“మూడుంటాయి, మధ్యది. నేను తొక్కమన్నప్పుడు తొక్కండి. అంతే.”

ఆవిడ మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా డ్రైవరు సీట్లో కూర్చుంది. స్టీరింగ్ మీద చేతులు ఎక్కడ వెయ్యాలో తెలియక కాసేపు తడుముకుని, చివరికి రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. “తొక్కండి,” అన్నాను. తొక్కింది. ఊపాను. టక్‌మంది. “వదలండి. మళ్ళీ తొక్కండి.” టక్. నేల మీద దుప్పటి పరిచి పక్కకి ఒరిగి, తల మాత్రం వంచి, టార్చి వేసి చూశాను. బాల్ జాయింట్‌కి వేసిన రబ్బరు తొడుగు చిరిగి వేలాడుతోంది. లోపలి గ్రీజంతా ఎప్పుడో పోయింది. ఒక చేత్తో చక్రం కదిపితే, కీలు లోపల వదులైన పళ్ళ సెట్టులా అటూ ఇటూ ఆడింది. అది పూర్తిగా ఊడిందంటే చక్రం పక్కకి విరిగి పడుతుంది. హైవే మీద, లోపల అమ్మాయి, అత్తయ్య. ఆపైన ఆలోచించలేకపోయాను.

“దొరికిందా?” అంది అత్తయ్య కిటికీలోంచి.

“దొరికింది.”

“నాకు తెలుసే, ఏదో ఉందని. నువ్వు నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు ఆ బైపాస్ వంతెన దిగాక కాళ్ళ కింద జరజరమంటుంది. మోకాళ్ళలోకి వచ్చేస్తుంది.”

నేను లేచి కూర్చున్నాను. “మరి ఆయనతో ఒక్కమాట చెప్పలేదేం అత్తయ్యా?”

ఆవిడ బ్రేకు మీంచి కాలు తియ్యకుండానే అంది. “చెబితే నన్ను కూడా నరాల డాక్టరుకి చూపిస్తానంటాడు.”

ఇంతకాలం నేనొక్కదాన్నే అరుస్తున్నాననుకున్నాను. పక్క సీట్లో ఇంకో మనిషి అదే వణుకు మోకాళ్ళతో మోస్తూ, నోరు మూసుకుని కూర్చుంది. ఆవిడ మీద కోపం వచ్చింది. అలవాటుగా నోరు మూసుకుని బతికిన మనిషి మీద ఎంతసేపు కోపం నిలుస్తుంది! బ్రేకు ఇక వదిలెయ్యమని మాత్రం చెప్పాను.

అప్పుడే మా ఆయన కొత్త క్రాపుతో వచ్చాడు. “లే ముందు. వీధిలో అందరూ చూస్తున్నారు. అమ్మని ఎందుకు కూర్చోబెట్టావ్ అందులో?”

“ఇక్కడ చెయ్యి వేసి ఊపండి,” అన్నాను.

వంగి, మొహం చిట్లించి ఊపాడు. టక్‌మంది. ఇంకోసారి ఊపాడు. మొహం మారింది. నిలబడి చేతులు దులుపుకుని ఆయన అన్న మాట ఇది: “ఇంత ఉందని ముందే గట్టిగా చెప్పాలి కదా!”

గట్టిగా. వంటింట్లో చెప్పాను, పడగ్గదిలో చెప్పాను, ఫోన్లో చెప్పాను, అమ్మాయి పరీక్షల మధ్య చెప్పాను. ఇంకెంత గట్టిగా చెబితే ఆయన చెవిలో పడేదో!

వర్క్‌షాపుకి ఫోన్ చేశాను. ఎడమ బాల్ జాయింట్ పోయింది, బ్రేకు పట్టి కూడా చూశాం, కారు నడిపి తీసుకురాలేం, మనిషిని పంపండి అన్నాను. “సార్ ఉంటే ఇవ్వండి మేడం,” అన్నాడు ఓనరు. స్పీకరులో అది విని మా ఆయన చెయ్యి చాచాడు. నేను ఫోన్ ఇవ్వలేదు.

“సార్ ఇక్కడే ఉన్నారు. కానీ కారు గురించి ఆయనకేం తెలీదు. నాతోనే మాట్లాడండి.”

చాచిన చేత్తో ఆయన మెడ మీది జుట్టు దులుపుకున్నాడు.

మనిషి వచ్చాడు, కారు బండి మీద ఎక్కించుకుపోయాడు. ఎడమదే కాదు, కుడిది కూడా సగం అరిగిందట, రెండూ మార్చారు. కారు తెచ్చుకోవడానికి ఇద్దరం వెళ్తే, ఓనరు పాత జాయింటు పట్టుకొచ్చి మా ఆయన చేతిలో పెట్టాడు. “మంచి టైముకి పట్టారు సార్. ఇంకొన్నాళ్ళుంటే చక్రం పోయేది.” మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “చూసుకుంటూ ఉండాలి కదా మరి,” అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. గ్రీజు మరక గోరు సందులోంచి ఇంకా పోలేదు నాకు.

తర్వాతి ఆదివారం బావగారింటికి బయల్దేరాం. అమ్మాయి, అత్తయ్య వెనక, నేను ముందు, ఆయన స్టీరింగ్ దగ్గర. హైవే ఎక్కాం. వేగం పెరిగింది. వంతెన అతుకులు దాటాం. కారు ఒక్క వణుకైనా లేకుండా నిలకడగా పోయింది. నేను ఇన్నాళ్ళకి భుజాలు వదులు చేసి కూర్చున్నాను.

“చూశావా? అనవసరంగా ఎంత గొడవ చేశావో,” అన్నాడు ఆయన హాయిగా. “ఏమైనా ఉందా ఇప్పుడు? నడపడంలో ఉంటుందోయ్.”

వెనక అత్తయ్య దగ్గింది. నాకు ఒక్కసారిగా చాలా మాటలు నోటిదాకా వచ్చాయి. అన్నీ ఇదివరకు అన్నవే. మళ్ళీ అంటే మళ్ళీ గొంతు పెరిగిందంటాడు, అమ్మాయి కిటికీ వైపు తిరుగుతుంది, బావగారింటికి మొహాలు మాడ్చుకుని వెళ్తాం. కిటికీలోంచి రోడ్డు చూశాను. వెడల్పుగా, నున్నగా, పొద్దుటి ఎండలో మెరుస్తూ ఉంది. ఈ రోడ్డు మీద నేనెప్పుడూ నడపలేదెందుకు? ఆసుపత్రికి నేను, స్కూలుకి నేను, కూరగాయలకి నేను. సరదాకి బయల్దేరగానే తాళం ఎవరూ అడక్కుండానే ఆయన జేబులోకి వెళ్ళిపోతుంది. నాకు నడపడం ఇష్టమా అని ఎప్పుడూ ఎవరూ అడగలేదు సరే, నేనూ అనుకోలేదు.

“పక్కకి ఆపండి,” అన్నాను.

“ఏమైంది? వాంతి వస్తోందా?”

“లేదు. నేను నడుపుతాను.”

“కోపమొచ్చిందా?”

“రాలేదు. నడపాలనుంది.”

ఏమనుకున్నాడో, ఆపాడు. నేను స్టీరింగ్ దగ్గరికి మారి, ఆయన ఇటువైపు చుట్టి వచ్చేసరికి అత్తయ్య అప్పటికే దిగి, ముందు తలుపు తీసుకుని నా పక్కన ఎక్కేసింది. ఆయన మోకాళ్ళు ముడుచుకుని అమ్మాయి పక్కన కూర్చున్నాడు. సీటు ముందుకి జరుపుకున్నాను, అద్దం సరిచేసుకున్నాను. లారీ ఒకటి దాటిపోయాక రోడ్డెక్కాను. ఎంత సుఖంగా పోయిందో చెప్పలేను. అత్తయ్య కిటికీ అద్దం దించమంది. గాలికి ఆవిడ నెరిసిన జుట్టు లేచి మొహం మీద పడుతుంటే తోసుకోలేదు.

ఊరు దగ్గర పడుతుండగా వెనక నుంచి ఆయన ముందుకి వంగాడు.

“ఇదిగో, ఆ పెట్రోలు బంకు దగ్గర ఆపు. అక్కణ్ణించి నేను తీసుకుంటా. అన్నయ్యావాళ్ళు బయటే కూర్చుంటారు, చూస్తే ఏమనుకుంటారు?”

బంకు వచ్చింది, దాటిపోయింది. బావగారి గేటు ముందు హారన్ నేనే కొట్టాను.