ఎడమ అంటే ఎటు?

సైకిల్ షాపువాడు మూడు రకాల ట్రైనర్లు చూపించాడు. ఇంట్లోనే తొక్కుకోవడానికి సైకిల్‌ని నిలబెట్టే సరంజామా అది. మొదటిది రోలర్ల మీద సైకిల్‌ని ఊరికే ఉంచి తొక్కేది. కాస్త ఏమరుపాటుగా ఉంటే హాల్లోనే పడతాం. రెండోదానికి వెనక చక్రం ఊడదీసి, గొలుసు నేరుగా దానికే తగిలించాలి. చప్పుడు తక్కువ, బరువు ఎక్కువ, ఖరీదు అడక్కపోవడమే మంచిది. మూడోది వెనక ఇరుసును రెండు వైపులా పట్టి బిగిస్తుంది, టైరేమో ఒక చిన్న రోలర్‌ని ఒరుసుకుంటూ తిరుగుతుంది.

"ఇది చాలు," అంది టీచరమ్మ, మూడోదాన్ని అటూ ఇటూ ఊపి చూసి. అది కదల్లేదు. ఆమెకు కావలసింది అదే.

ఆమె కారు డ్రైవింగ్ నేర్పుతుంది. పక్క సీట్లో కూర్చుని, తన కాలి కింద ఇంకో బ్రేకు ఉంచుకుని, స్టీరింగ్ పట్టడం రానివాళ్ల చేత నడిరోడ్డు మీద కారు నడిపిస్తుంది. అలాంటి మనిషికి రోడ్డంటే భయం పట్టుకుందని ఇంట్లోవాళ్లు నమ్మారంటే, ఆమె పనిగట్టుకుని నమ్మించింది కాబట్టే. అసలు భయం రోడ్డంటే కాదు, మొగుడి మాటంటే.

ఆయన ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. ఆదివారం పొద్దున్నే ఇద్దరూ సైకిళ్లేసుకుని ఊరి బయటిదాకా వెళ్లేవారు. ఆయన ముందు, ఆమె వెనక, చక్రానికి చక్రం తగిలేంత దగ్గరగా. వెనకున్న ఆమెకు ఆయన వీపు తప్ప ఏమీ కనిపించదు. దారిలో ఏదైనా అడ్డొస్తే ఆయన "గుంత!" అని అరిచేవాడు, ఆమె బ్రేకు వేసేది. ఇన్నేళ్లూ అలాగే నడిచింది. ఆ రోజు మాత్రం వెనకాల లారీ హారన్ కొడుతూ వచ్చేస్తోంది, ఆగడానికి లేదు. ఆయన "ఎడమ!" అని అరిచాడు. ఆమె ఎడమకి తిప్పింది. గుంత ఉన్నది సరిగ్గా అక్కడే.

భుజం దగ్గరి ఎముక విరిగింది. దాని ఎక్స్‌రే తీసింది కూడా ఆయనే.

తర్వాత ఎముక అతుక్కుంది. 'మీరే కదండీ నన్ను గుంతలోకి పంపింది' అనే మాట మాత్రం ఆమె గొంతులోనే ఉండిపోయింది. అనేస్తే ఆ మనిషి కుమిలిపోతాడు. కట్టు ఉన్నన్నాళ్లూ ఆమెకు జడ వేసింది ఆయనే పాపం. ఆ జడ అష్టవంకరలు పోయేది, అది వేరే సంగతి. అందుకే ఆమె నేరమంతా రోడ్డు మీదికి తోసేసింది. ట్రైనర్ అయితే ఎవరి కేకా వినక్కర్లేదు.

ట్రైనర్‌ని కిటికీ పక్కన పెట్టుకుంది. కింద రబ్బరు చాప, ఎదురుగా ఫ్యాను, ముందు చక్రం కింద ఎత్తుకి ఒక దిమ్మ. రోలర్‌ని టైరుకి నొక్కి పట్టే మరను వదులుగా ఉంచితే టైరు జారేది, మరీ బిగిస్తే పిక్కలు పట్టేసేవి. కొన్నాళ్లకు ఆ లెక్క చేతికి తెలిసిపోయింది. చెమట మాత్రం ధారలు కట్టేది.

"అంతసేపు తొక్కావు, ఎక్కడిదాకా వెళ్లొచ్చావే అమ్మాయ్?" అనేది అత్తగారు.

"కిటికీ దాకా అత్తయ్యా."

శనివారం సాయంత్రం అయ్యేసరికి ఆయన గుమ్మం దగ్గర తచ్చాడేవాడు. "రేపు వస్తావా?"

"రోడ్డంటే ఇంకా భయమేస్తోందండీ."

ఒక శనివారం ఆయన అడగలేదు. తన సైకిల్‌ని గోడకున్న కొక్కేనికి తగిలించి, చేతులు దులుపుకుని వచ్చి కూర్చున్నాడు. "నువ్వు లేకుండా ఒక్కణ్ణే ఏం తొక్కుతాను? ఇంకో ట్రైనర్ కొనేద్దాం. పక్కపక్కనే పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ తొక్కుకుందాం."

ఎదురుగాలి కొడితే చిన్నపిల్లాడిలా ఈల వేసే మనిషి. తను ఆడిన అబద్ధం ఇప్పుడు ఆయన్ని కూడా తెచ్చి ఈ కిటికీ దగ్గర బిగించేస్తోంది. నిజం చెప్పాలి. చెబితే ఆయన మళ్లీ సైకిల్ ముట్టుకోడు. ఎటూ పాలుపోక ఆమె "సరేనండీ" అంది.

కొనబోయే ట్రైనర్‌కి చోటు చేయాలని ఆ పూటే ఉన్నదాన్ని గోడవైపు జరిపారు. ఆమె ముందు చక్రం కింద దిమ్మను సర్దుతోంది. ఆయన నేల మీద బోర్లా పడుకుని, ఒక కన్ను మూసుకుని, చక్రాలు రెండూ తిన్నగా ఉన్నాయో లేదో చూస్తున్నాడు.

"ఎడమ," అన్నాడు.

ఆమె దిమ్మను ఎడమకి జరిపింది.

"ఎడమ అంటుంటే!"

"ఎడమకే కదండీ జరిపాను!"

"అయ్యో, అది ఎడమకి పోయిందంటున్నాను. నువ్వు కుడికి లాగాలి!"

ఆమె చెయ్యి దిమ్మ మీదే ఆగిపోయింది. "ఆ రోజు కూడా ఇంతేనా?"

"ఏ రోజు?"

"నేను పడిన రోజు. ఎడమ అన్నారు."

"అన్నాను. గుంత ఎడమవైపు ఉందన్నాను. చెప్పినా దాంట్లోకే ఎందుకు పోయావో నాకిప్పటికీ అంతుపట్టలేదు. లారీకి బెదిరిపోయావనుకున్నాను."

"బెదరలేదండీ. మీరు ఎడమకి తిప్పమన్నారనుకుని తిప్పాను."

ఆయన లేచి కూర్చున్నాడు. "పొద్దస్తమానం నా పనే అది కదా. ఎడమ అని రాస్తే ఎడమవైపు విరిగిందని అర్థం. ఎటు తిరగాలని నన్నెవరూ అడగరు."

"నా పనీ అదే. ఎడమ అన్నానంటే ఎడమకి తిప్పాలి. తిప్పకపోతే అరుస్తాను."

మంచం మీంచి అత్తగారు తల ఎత్తింది. "ఇన్నేళ్లూ ఎలా కాపురం చేశార్రా మీరు?"

ఆమెకు నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. "రోడ్డంటే భయం లేదండీ నాకు. ఎప్పుడూ లేదు. మీ మాట నమ్మాలంటేనే భయమేసింది. మీకు చెప్పలేక దాచాను."

ఆయన ఆమె భుజం మీద, అతుక్కున్న చోట, మెల్లగా చెయ్యి వేశాడు. "మరిప్పుడు?"

"ఇకమీదట ఎడమా వద్దు, కుడీ వద్దు. 'నా వెంటే' అనండి చాలు. మీరు ఎటు తిరిగితే అటు వస్తాను. ముందు ఆ కొక్కెం మీంచి సైకిల్ దించండి."

మర్నాడు పొద్దున్న అదే రోడ్డు. గుంతను ఎవరూ పూడ్చలేదు, ఇంకాస్త పెద్దదయింది కూడా. ఆమెకు ఎదురుగా ఆయన వీపు తప్ప ఏమీ కనిపించడం లేదు. వెనక ఏదో బండి హారన్ కొట్టింది. ఆమె వేళ్లు వాటంతటవే బ్రేకు మీదికి పోయాయి.

"నా వెంటే!"

ఆమె వేళ్లు తీసేసి, ఆయన వీపు ఎటు వాలితే అటు వాలింది. గుంత పక్కనుంచి వెళ్లిపోయింది. ఆయన వెనక్కి తిరిగి చూడకుండా, భయం భయంగా అడిగాడు.

"వచ్చావా?"

"వచ్చానండీ. పదండి."

కాస్త దూరం పోయాక ఆయన ఈల వేయడం మొదలుపెట్టాడు.